మస్కట్ పార్సిల్‌లో జపాన్ బొమ్మలు

2023 ఎండాకాలం. చొప్పదండి బస్టాండు నుంచి మార్కెట్‌కు పోయే దారిలో నా దుకాణం. బోర్డు మీద జిరాక్స్ అని రాసి ఉంటుంది కానీ, ఆ మిషన్ మీద నా బతుకు సాగడం మానేసి చాలా ఏళ్లయింది. జనానికి కావలసిన సామాను ఆన్‌లైన్‌లో వెతికి, మంచి ధర చూసి తెప్పించి ఇవ్వడమే నా అసలు పని. మిక్సీ జార్ మూత దగ్గర నుంచి బోరు మోటారు స్టార్టర్ దాకా అన్నీ తెప్పిస్తాను. అందరి చేతుల్లో ఫోన్లున్నాక నీ దగ్గరికెందుకు వస్తారని మా చెల్లెలు దెప్పుతుంటుంది. ఫోన్‌లో నొక్కడం అందరికీ వచ్చు, నొక్కిన తర్వాత లబోదిబోమనకుండా ఉండటం కొందరికే వచ్చు. ఆ కొందరిలో నేనొకదాన్నని చెప్పుకోవడానికి నాకేం మొహమాటం లేదు.

మే నెల మిట్టమధ్యాహ్నం తలకు తువ్వాల చుట్టుకుని ఒకతను వచ్చాడు. నలభై దాటి ఉంటాయి. ఒంటి మీద గల్ఫ్ చొక్కా, చేతికి గల్ఫ్ గడియారం. పేరు లచ్చన్న, మా పక్క ఊరే. లోపలున్న ఆడపిల్లలు ఫోటోస్టాట్ తీసుకుని వెళ్లేదాకా గోడకున్న క్యాలెండర్ చూస్తూ నిలబడ్డాడు. వాళ్లు వెళ్లాక దగ్గరికొచ్చి నెమ్మదిగా అడిగాడు.

“అక్కా, టీవీల జపాన్ బొమ్మల సీరియల్లు వస్తయి చూడు, గా వీడియోలు గావాలె. డిస్కులు దొరుకుతయా?”

జపాన్‌లో గీసిన బొమ్మలతో తీసే సీరియళ్లను, సినిమాలను అనిమే అంటారు. కరీంనగర్‌లో చదివే కాలేజీ పిల్లలు అడపాదడపా వాటి బొమ్మలున్న టీషర్టులు తెప్పించుకుంటారు. ఈ వయసు మనిషి అడగడం అదే మొదలు. నాకు నవ్వొచ్చింది.

“ఎవలకు తమ్మీ, నీకేనా?”

“నా బిడ్డకక్కా.” తలకున్న తువ్వాల విప్పుకుంటూ, “మా ఇద్దరికి” అన్నాడు.

నవ్వు ఆపుకుని కుర్చీ చూపించాను. కూర్చున్నాక మెల్లగా చెప్పాడు. కూతురు శ్రావ్య పాకే వయసులో అతను మస్కట్ వెళ్లాడు. మధ్యలో వచ్చిన సెలవులు చుట్టాలకు, పెళ్లిళ్లకే సరిపోయాయి. ఇప్పుడు రెండు నెలల సెలవు మీద వచ్చాడు. పిల్ల ఇంగ్లీషు మీడియంలో ఆరో తరగతికి వచ్చింది కానీ తండ్రి దగ్గరికి రాదు.

“నన్ను సూస్తే దర్వాజ ఎనకకు పోతది. అన్నం తినే యాళ్లకు వాళ్లమ్మతోని ‘ఆయనకు పెట్టు’ అంటది. ఒక్కపారి గూడ బాపు అనలే అక్కా. ఆయన అంటది.”

వీడియో కాల్‌లో ఎన్ని అడిగినా ఆ పిల్ల ఊఁ, ఆఁ అని ఊరుకునేదట. ఒక్క విషయంలోనే నోరు విప్పేది. టీవీలో హిందీలో వచ్చే ఒక అనిమే ఉంది. కొండ ఊళ్లో రైలు నడిపే అమ్మాయి, ఆ రైలింజన్‌లో కాపురం పెట్టి అయినదానికీ కానిదానికీ సణిగే ముసలి కప్ప. ఈ రోజు కప్ప ఏమన్నది బిడ్డా అని అడిగితే రెండు ముక్కలు చెప్పేది. తర్వాత ఆ చానల్ దాన్ని మధ్యలోనే ఆపేసింది. వాళ్లిద్దరి మాటలూ దాంతోనే ఆగిపోయాయి.

“మిగిలింది తెప్పిస్తే పక్కన కూసొని సూస్తదేమో” అన్నాడు. “ఫోన్ల అయితే ఒక్కతే మూలకు వోయి సూస్తది. టీవీల పెడితే ఇద్దరం కూసోవచ్చు.”

ఆ మాట విన్నాక ఎలాగైనా ఈ పని చేసి పెట్టాలనుకున్నాను.

ఇలాంటి వీడియోలు చవకగా పట్టడానికి కొంచెం కళ్లు తెరుచుకుని ఉండాలి. మొత్తం భాగాలన్నీ ఒకే అట్టపెట్టెలో పెట్టి అమ్మేదాన్ని బాక్స్ సెట్ అంటారు. ఒకే సెట్‌ను వేర్వేరు అమ్మకందార్లు వేర్వేరు ధరలకు పెడతారు. నచ్చినదాన్ని కార్ట్‌లో, అంటే కొనబోయే బుట్టలో వేసి రెండు మూడు రోజులు పట్టించుకోనట్టు వదిలేస్తే, కొన్నిసార్లు వాళ్లే ధర తగ్గించి బతిమాలతారు. మరీ చవకైతే అనుమానించాలి. సీరియల్ మొత్తం ఒక్క డిస్కులోనే ఉందని రాశారంటే అది దొంగ కాపీయే. ముందు అట్ట ఎంత ముద్దుగా ఉన్నా, వెనక అట్ట ఫోటో పెట్టని వాడి దగ్గర నేను కొననే కొనను.

కప్ప సీరియల్ మన దేశంలో ఎక్కడా స్టాకు లేదు. హిందీ సెట్ ఒకప్పుడు వచ్చి అమ్ముడుపోయిందట. చివరికి బయటి దేశపు దుకాణం ఒకటి పాత సరుకు వదిలించుకుంటూ సగం ధరకే పెట్టింది. నా చెయ్యి దురద పెట్టింది. కానీ వెనక అట్ట పెద్దది చేసి చూస్తే చిన్న భూగోళం గుర్తు, దాని మధ్యలో రెండో నంబరు. దాన్ని రీజియన్ కోడ్ అంటారు. డిస్కులు చేసేవాళ్లు లోకాన్ని ముక్కలుగా పంచుకుని ఒక్కో ముక్కకు ఒక్కో నంబరు ఇచ్చారు. గల్ఫ్‌ది రెండు, మనది అయిదు. అయిదో నంబరు ప్లేయర్‌లో రెండో నంబరు డిస్కు పాడదు.

“గిది వద్దు తమ్మీ. జర ఓపిక పట్టు, వేరేది చూస్త” అన్నాను.

“సెలవు అయిపోతది గదక్కా” అని లేచి వెళ్లిపోయాడు.

గల్ఫ్‌కు పోయొచ్చిన మావాళ్లలో ఒక నమ్మకం ఉంది. అక్కడి సబ్బు ఎక్కువ నురగనిస్తుంది, అక్కడి దుప్పటి ఎక్కువ వెచ్చగా ఉంటుంది, అక్కడ కొన్నది చెడిపోదు. లచ్చన్న మస్కట్‌లో ఉన్న తన రూమ్మేట్‌కు ఫోన్ చేసి అదే సెట్ అక్కడ కొనిపించాడు. మా దిక్కు గల్ఫ్ నుంచి ఎవరు సెలవు మీద బయల్దేరినా వాళ్ల సూట్‌కేసులో సగం చోటు పక్కవాళ్ల పార్సిళ్లదే. అలా ఎవరి బట్టల మధ్యనో కప్ప ఊరు చేరింది.

ఒక పొద్దున లచ్చన్న డబ్బా పట్టుకుని పెళ్లికొడుకులా వచ్చాడు.

“సూడక్కా, అసలు మస్కట్ మాల్!”

తిప్పి చూశాను. భూగోళం మధ్య రెండు.

“తమ్మీ, మంచి మాలే. గని ఇక్కడి ప్లేయర్ల నడువది.”

“మస్కట్‌ల కొన్నది నడువదా?” నేనేదో వాళ్లింటి సంబంధానికి వంక పెట్టినట్టు చూశాడు.

దుకాణంలోని ప్లేయర్‌లో పెట్టి చూపించాను. తెర మీద రీజియన్ తప్పు అని వచ్చింది. ఇంకో డిస్కు పెట్టినా అదే. లచ్చన్న ముఖం చూడలేకపోయాను.

“నిన్న పార్సిల్ ఇప్పుతుంటే దర్వాజ కాడికి వచ్చిందక్కా. ‘ఆఖరు దాకా ఉందా?’ అని అడిగింది. నేనొచ్చినంక నాతోని మాట్లాడిన మొదటి మాట గదే. ఇప్పుడు ఏం మొఖం పెట్టుకొని ఇంటికి వోవాలె?”

పరేషాన్ కావద్దని అన్నాను. డబ్బాను అటూ ఇటూ తిప్పుతుంటే తట్టింది. మస్కట్ డిస్కు మస్కట్ ప్లేయర్‌లో పాడుతుంది కదా! డిస్కులు నడిచిన కాలంలో గల్ఫ్ నుంచి వచ్చిన ప్రతివాడూ ఒక ప్లేయర్ మోసుకొచ్చాడు. మా వీధి చివర పోచవ్వ ఇంట్లో అద్దాల బీరువాలో అలాంటిదే ఒకటుంది. కొడుకు తెచ్చాడని, పైనున్న ప్లాస్టిక్ కవర్ కూడా తీయకుండా దేవుడి పటంలా చూసుకుంటుంది. ఇద్దరం వెళ్లి అడిగాం. ముసలామె లచ్చన్న కథంతా విని ముక్కు చీదింది.

“తీస్కపో బిడ్డా. గని కవర్ చినిగిందో, ఊకోను” అంది.

సాయంత్రం వైర్లు కలపడానికి నేనూ వాళ్లింటికి వెళ్లాను. లచ్చన్న భార్య లత చాయ్ ఇచ్చింది. శ్రావ్య దర్వాజ పక్కన సగం కనబడుతూ నిలబడింది. కవర్‌తో సహా ప్లేయర్‌ను టీవీ కింద పెట్టి డిస్కు వేశాం. కొండలు, రైలు, పాట వచ్చాయి. నేను గర్వంగా చుట్టూ చూశాను. అప్పుడు కప్ప నోరు తెరిచి గడగడా జపాన్ భాషలో మాట్లాడింది.

పిల్ల ముఖం వాడిపోయింది. రిమోట్‌తో ఎంత వెతికినా హిందీ లేదు. కింద అక్షరాల్లో వచ్చే సబ్‌టైటిల్స్ ఇంగ్లీషులో, అరబ్బీలో మాత్రమే ఉన్నాయి. లచ్చన్నకు అరబ్బీ మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. ఇంగ్లీషు సంగతి చెప్పనే అక్కర్లేదు. హిందీ దంచేస్తాడు, కానీ ఆ హిందీయే లేదు. ఇంత కష్టపడిందీ ఇందుకా అని నాకు ఏడుపొచ్చినంత పనైంది.

“పోనియ్యక్కా, నాకేం సమజైతలేదు” అంటూ లచ్చన్న రిమోట్ తీసుకున్నాడు.

“బంద్ చేయకు.”

మాట దర్వాజ దగ్గర నుంచి వచ్చింది. అందరం అటు తిరిగాం.

“ఇంజన్ల నీళ్లు అయిపోయినయట. ముందే చెప్పిన గద, ఇన్నవా అని కప్ప తిడుతున్నది” అంది శ్రావ్య తెర కింది ఇంగ్లీషు అక్షరాలు చూస్తూ.

“మరి గా పోరి ఏమంటున్నది?” అడిగాడు లచ్చన్న.

“నువ్వు ఉత్తగ కూసుంటవు, నీళ్లు నువ్వే తే అంటున్నది.”

అక్షరాలు చిన్నవి. దూరం నుంచి కనబడటం లేదని పిల్ల రెండడుగులు ముందుకొచ్చింది. తర్వాత చాప అంచు మీద కూర్చుంది. ఇంకాసేపటికి తండ్రి మోకాలికి ఆనుకుని కూర్చుంది. అతను ప్రతి మాటకూ ఏమన్నది, ఎందుకన్నది అని అడ్డం పడుతుంటే విసుగొచ్చి చెయ్యెత్తింది.

“ఆగు బాపూ, సదువనియ్!”

ఆ మాట తన నోట వచ్చినట్టు పిల్లకు తెలియనే లేదు. లత వంటింటి గడపలో అలాగే నిలబడిపోయింది. లచ్చన్న తల తిప్పలేదు. కళ్ల నుంచి నీళ్లు కారుతుంటే తుడుచుకోకుండా తెర వైపే చూస్తూ కూర్చున్నాడు. నేను చాయ్ గ్లాసు పక్కన పెట్టి, చెప్పులు చేతబట్టుకుని చప్పుడు కాకుండా బయటికి వచ్చాను. దారంతా ఏడుస్తూనే నడిచాను, సంతోషంతోనే.

సెలవు అయిపోయి లచ్చన్న మస్కట్ వెళ్లాడు. మిగిలిన భాగాలను శ్రావ్య వీడియో కాల్‌లో టీవీ ముందు ఫోన్ పెట్టి, చదివి వినిపిస్తూ అతనికి చూపిస్తోందని లత చెప్పింది. ఆ తర్వాత నా దగ్గరికి అనిమే కోసం చాలామంది వచ్చారు. రీజియన్ నంబరు, వెనక అట్ట ఇప్పటికీ చూస్తాను. కానీ వాటన్నిటికంటే ముందు, ఎవరితో కలిసి చూస్తారని అడుగుతున్నాను. ధర తక్కువైతే చాలు, లోపం లేకపోతే చాలు అనుకునేదాన్ని. ఏ లోపం ఎవరికి పనికొస్తుందో దుకాణంలో కూర్చుంటే తెలియదని అర్థమైంది.

ఈ మధ్య ఆ సీరియల్ హిందీ సెట్ మళ్లీ వచ్చింది. మన నంబరుదే, మంచి తగ్గింపులో ఉంది. స్కూలు నుంచి పోతున్న శ్రావ్యను పిలిచి, కార్ట్‌లో వేసి పెట్టానని గొప్పగా చూపించాను. పిల్ల అటూ ఇటూ చూసి తల అడ్డంగా ఊపింది.

“వద్దు పెద్దమ్మా. హిందీ అయితే బాపుకు సమజైతది గద.”