ముందు వరుసలో ఊ

విజయనగరం నాటకోత్సవంలో నా సోలో కామెడీ. హైదరాబాద్ దాటి వేదికెక్కడం అదే మొదలు. పది నిమిషాలైనా ఎవరూ నవ్వలేదు. పైగా ముందు వరుసలో ఖద్దరు చీర కట్టుకున్న ఒక ముసలమ్మ నా ప్రతి మాటకీ "ఊ" అంటోంది. ఎగతాళేమోనని ఉడుక్కుని ఆగి అడిగాను, "ఏంటమ్మా, బాలేదా?"

"బాగున్నాది నాయనా. ఒక్కడివే సెప్తన్నావు కదా. ఊ కొట్టేవోలు నేకపోతే కత ఎలగ నడుస్తాది? నువ్వు సెప్పు, నానున్నాను."

ఆ తర్వాత ఆమెకే చెప్పాను. హాలంతా ఆమెతో కలిసి ఊ కొట్టింది, నవ్వింది.

చివరి మాట చెప్పి ఆగాను. ముసలమ్మ ఊ కొట్టలేదు. కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

చప్పట్లు చాలాచోట్ల విన్నాను. గొప్పగా చెప్పుకునేది మాత్రం ఆ రాని ఊ గురించే.