బాపు ఎత్తే పీరు, నేను పెట్టిన చుక్కలు

కంప్యూటర్‌లో ఊరిని కట్టి చూపడం నాకు తెలిసిన విద్య. కరీంనగర్ కాలేజీలో చెప్పే పాఠమూ అదే. మతం గొడవలు ఎక్కడ పుట్టొచ్చో ముందే చెప్పే నమూనా కావాలని ఒక అధికారి అడిగితే ఎగిరి గంతేసి ఒప్పుకున్నాను. మొదట మా ఊరినే ఎంచుకున్నాను. ఒక్కో మనిషి ఒక్కో చుక్క. హిందువులకు పసుపు, ముస్లింలకు ఆకుపచ్చ. ఒక రంగు గుంపు రెండో రంగు వాడలోకి వెళ్తే ఆ వీధి ఎర్రబడుతుంది.

వినాయక నిమజ్జనం నాడు ఎర్రబడుతుందనుకున్నాను, ఎర్రబడింది. కానీ ఏడాది మొత్తంలో అన్నిటికన్నా ఎర్రగా తేలింది పీరీల పండుగ. ఫలితాలు అధికారికి పంపేశాక గానీ ఆ వరుస నా కంట పడలేదు.

మా బాపు సాంచెల మీద బట్ట నేసే మనిషి. ముప్పై ఏళ్ళుగా మొహర్రానికి పీరును, ఆ కర్రకు కట్టిన పంజాను, ఎత్తుకునేది ఆయనే. ఆ పది రోజులూ చెప్పులు తొడగడు. మా హిందువుల వాడంతా డప్పులతో ఆయన వెంట మసీదు వీధికి నడుస్తుంది. అక్కడి ఆడవాళ్ళు పీరుకు దట్టీలనే రంగు గుడ్డలు కట్టి, ఆయన కాళ్ళ మీద బిందెలతో నీళ్ళు పోస్తారు. చిన్నప్పుడు తీపి మలీద ముద్ద కోసం ఆ గుంపులో పరుగెత్తినదాన్ని, అదే గుంపుకు పసుపు పూసి ప్రమాదమని రాశాను. చంకలో బిడ్డను పెట్టుకుని ఊరంతా వెతకడమంటే ఇదే. నా మీద నాకే మండింది.

మూడుసార్లు వెళ్ళి, తప్పు నాదేనని అధికారికి చెప్పాను.

"కాగితం పైకి పోయింది మేడమ్. ఇప్పుడు ఏమన్న అయితే నా మెడకు చుట్టుకుంటది," అన్నాడు.

పండుగనాడు మసీదు వీధి మొదట్లో ఇనుప కంచెలు పెట్టారు. బాపు పీరుతో నిలబడ్డాడు. డప్పులు ఆగాయి. అవతల ఆడవాళ్ళు బిందెలతో నిలబడ్డారు.

"అటు పోనియ్యం పెద్దాయన. గొడవైతదని కంప్యూటర్ల వచ్చిందట," అన్నాడు కానిస్టేబుల్.

ఆ కంప్యూటర్ నాదేనని, మనుషులకు రంగులు పూసింది నేనేనని, అది తప్పని బతిమాలాను. ఆర్డర్ ఉందన్నాడు. పీరు వెనక్కి తిరిగింది. సాయంత్రానికల్లా, ఆపించింది వాళ్ళేనని మా వాడలో, మేమే కావాలని రాలేదని వాళ్ళ వాడలో మాటలు మొదలయ్యాయి. లేని గొడవకు నేనే పునాది తవ్వాను.

బాపు గడప మీద కూర్చున్నాడు.

"గా కంప్యూటర్ల నన్ను ఏ రంగుల వెట్టినవ్ బిడ్డా?"

"పసుపు."

ఆయన మట్టి కొట్టుకుపోయిన తన పొడి కాళ్ళను చూసుకుంటూ ఉండిపోయాడు. లోపలికెళ్ళి బిందెడు నీళ్ళు తెచ్చాను. కాళ్ళు వెనక్కి తీసుకున్నాడు.