పక్క రాష్ట్రానికున్న నోరు

వరంగల్‌లో మా వాడకట్టు అంతా మిల్లు మీదే బతికేది. నాన్న అందులో మగ్గాల మీద పనిచేసేవాడు. డెబ్భైల నడుమ, నేను హైస్కూల్లో ఉన్నప్పుడు, మా పక్క గదిలోకి సిలోన్ నుంచి ఒక జంట వచ్చి దిగింది. తాతల కాలంలో తేయాకు తోటల్లో పనికి పోయిన తమిళులు వాళ్ళు. రెండు దేశాల పెద్దలు కూర్చుని ఎవరు ఎక్కడివాళ్ళో తేల్చుకుని ఈ జంటను ఇటు పంపారు, భార్య అక్కను అక్కడే ఉంచారు. వచ్చినవాళ్ళను తలా కొందరిని తీసుకొమ్మని ఢిల్లీ అడిగితే, మన రాష్ట్రం కొన్ని కుటుంబాలకు నూలు మిల్లుల్లో పని చూపించిందట. అలా, ఎన్నడూ పేరైనా వినని వరంగల్‌కు ఆమె వచ్చిపడింది. వాడకట్టు ఆమెను సిలోనమ్మ అని పిలిచింది. ఆమె ఆ పిలుపుకే పలికింది.

ఎనభైల మొదట్లో భర్త పోయాడు. ఆ తర్వాత కొంతకాలానికే, ఒక వానాకాలం, సిలోన్ ద్వీపంలో తమిళుల ఇళ్ళు తగలబెడుతున్నారని రేడియోలో వచ్చింది. సిలోనమ్మ తమిళ స్టేషన్ పెట్టుకుని గడపలో కూర్చునేది. మద్రాసు వైపు, పక్క రాష్ట్రంలో దుకాణాలు మూసేశారు, రైళ్ళు ఆపారు. అక్కడి సర్కారే ముందుండి ఢిల్లీని నిలదీస్తోందని ఆమె మాకు చెప్పింది.

"అన్నా, మన సర్కారు ఏమనదా?" అని నాన్నను అడిగింది.

"అది మన చేతుల ముచ్చట కాదు చెల్లె. ఢిల్లీది" అన్నాడు నాన్న.

"మరి వాళ్ళ చేతులకెట్ల వచ్చింది?"

సిలోనమ్మ అక్క గురించి ఏ కబురూ రాలేదు. అప్పుడే కాదు, ఎప్పటికీ రాలేదు.

మా చిన్నమ్మది ఎదురిల్లు. మార్కెట్ యార్డులో మిరపకాయల తొడిమెలు తీసే పని ఆమెది. భర్త లేడు, ఒక్కడే కొడుకు. నాకు తమ్ముడు. వాడు పటాలంలో చేరాడు. ఎనభై ఏడులో రెండు ప్రభుత్వాలకూ ఒప్పందం కుదిరింది, శాంతి నిలపడానికి మన సైన్యం ద్వీపానికి పోతోంది అన్నారు. వాళ్ళలో తమ్ముడూ ఉన్నాడు. చిన్నమ్మ ఇల్లిల్లూ తిరిగి బెల్లం పంచింది. అప్పటికి నేను టీచరునయ్యాను. క్లాసులో మ్యాపు మీద ఆ ద్వీపాన్ని వేలితో చూపించి, మా తమ్ముడు ఇక్కడున్నాడని పిల్లలకు గర్వంగా చెప్పాను.

సిలోనమ్మ మాత్రం బెల్లం తీసుకుని నోట్లో వేసుకోలేదు. ఏమైందని అడిగాను.

"ఆడి సర్కారు మీద కొట్లాడే ఆ తుపాకుల తమిళ పిల్లగాళ్ళను నేను మద్రాసుల చూసిన బిడ్డా, పెండ్లికి పోయినప్పుడు. బజార్ల రాజుల లెక్క తిరుగుతాన్రు. మద్రాసు సర్కారు నీడ ఇచ్చింది, ఢిల్లీ చూడనట్టు ఉన్నది. ఇప్పుడు ఆ తుపాకులు గుంజుకరమ్మని మీ తమ్మున్ని పంపిన్రు. ఇస్తరా వాళ్ళు?"

ఆ మాట నేను చిన్నమ్మకు చెప్పలేదు.

దసరా దాటాక శాంతి మాట పోయింది. ఆ తుపాకుల పిల్లలతోనే యుద్ధం అనే మాట వచ్చింది. పేపర్లో ఏవేవో ఊళ్ళ పేర్లు, వాటి పక్కన చనిపోయిన సైనికుల లెక్కలు. తమ్ముడి నుంచి కబురు ఆగింది. చిన్నమ్మ పనికి పోవడం మానేసింది. రోడ్డు మీద జీపు ఆగిన చప్పుడైతే లేచి నిలబడేది. ఒక ఉదయం నన్ను వెంటబెట్టుకుని మా నాయకుడి ఇంటికి బయలుదేరింది. ఎన్నికలప్పుడు మా వాడకు వచ్చి అందరికీ దండాలు పెట్టిన మనిషే. వరండాలో కూర్చోబెట్టి చాయ ఇప్పించాడు.

"అమ్మా, ఫికర్ జేయకు. కానీ ఇది ఫారిన్ మ్యాటర్. సెంట్రల్ చూసుకుంటది. రాష్ట్రానికి దీంట్ల నోరు లేదు."

"పక్క రాష్ట్రానికి ఉన్నది గద సారూ నోరు?"

"వాళ్ళ మనుషులున్నరమ్మా ఆడ. అందుకే మాట్లాడుతరు."

"నా కొడుకు మనిషి గాదా?"

ఆయన ఎవరికో ఫోన్ చేస్తానన్నాడు. చేశాడో లేదో తెలియదు. చిన్నమ్మ కప్పు ముట్టకుండానే లేచింది.

చలికాలంలో టెలిగ్రాం వచ్చింది. తమ్ముడు గాయపడ్డాడు, మద్రాసులో సైనిక ఆసుపత్రిలో ఉన్నాడు. మాకు అక్కడి భాష రాదు. అడగకుండానే సిలోనమ్మ సంచి సర్దుకుని మాతో రైలెక్కింది.

మద్రాసు స్టేషన్ బయట ఒక టీ కొట్టు దగ్గర ఆగాం. కొట్టాయన సిలోనమ్మతో చాలా ఆప్యాయంగా మాట్లాడాడు. ద్వీపం నుంచి వచ్చిందని విని చేతులు జోడించాడు. సైనిక ఆసుపత్రికి దారి అడిగితే, ఎవరున్నారక్కడ అన్నాడు. సిలోనమ్మ చిన్నమ్మ వైపు చూపించి, ఈమె కొడుకు, సైనికుడు అని చెప్పింది. ఆయన ముఖం మారిపోయింది. గ్లాసులు లాక్కుని నీళ్ళ బకెట్లో పడేశాడు. చుట్టూ ఉన్నవాళ్ళు మమ్మల్ని చూస్తూ నిలబడ్డారు, ఎవరూ అరవలేదు. నేను చిన్నమ్మ చేయి పట్టుకుని అక్కడి నుంచి కదిలాను.

"ఏమన్నడు?" అంది చిన్నమ్మ.

"దారి తెల్వదట" అంది సిలోనమ్మ. దూరం పోయాక నాతో మెల్లగా చెప్పింది. "మా వాళ్ళను సంపవోయినోని తల్లికి చాయ పొయ్యనన్నడు."

తమ్ముడికి ఎడమకాలు మోకాలి కింద లేదు. మందుపాతర. కళ్ళు మూసుకుని పడుకున్నాడు. చిన్నమ్మ వాడి తల నిమురుతూ ఉండిపోయింది. అవతలి మంచం దగ్గర తుడుస్తున్న ఆయాను సిలోనమ్మ తమిళంలో ఏదో అడిగింది, నీళ్ళు కావాలనేమో. ఆ గొంతు వినగానే తమ్ముడు అదిరిపడి లేచాడు. చేత్తో మంచం పక్కన తుపాకీ కోసం వెతుకుతున్నాడు. గోడకు నక్కి, ఆమెను చూస్తూ, "ఎవలు? ఎవలామె?" అని కేకలు పెట్టాడు. చిన్నప్పుడు ఆమె ఇంట్లో ఇడియాప్పం తిని పెరిగినవాడు.

సిలోనమ్మ వెనక్కి నడిచి వరండాలోకి వెళ్ళిపోయింది. నేను వెంట వెళ్ళాను. స్తంభాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

"నా మాటకు భయపడ్డడు బిడ్డా" అంది.

వేసవికి తమ్ముడు ఇంటికొచ్చాడు. సిలోనమ్మ రేడియోలో తమిళ స్టేషన్ పెట్టడం మానేసింది. వాడి ముందు మా భాష తప్ప మాట్లాడేది కాదు. ఢిల్లీలోనూ మద్రాసులోనూ ప్రభుత్వాలు మారుతూ పోయాయి, సైన్యాన్ని వెనక్కి రప్పించే మాటలు మొదలయ్యాయి. ఎందుకు పంపారో, ఎందుకు రప్పిస్తున్నారో మా వాడకు వచ్చి చెప్పినవాళ్ళు లేరు.

ఒక సాయంత్రం తమ్ముడు కర్ర ఆనించుకుని తనంతట తానే ఆమె గడప దగ్గర కూర్చున్నాడు. నేను పక్కనే బియ్యం ఏరుతున్నాను.

"అత్తా, ఆడ ఒక ముసలామె ఉండె" అన్నాడు. "ఎండల నడిచి పోతాంటే చెంబుతోని నీళ్ళు తెచ్చిచ్చింది. అచ్చం నీ లెక్కనే కొంగు కప్పుకున్నది."

"తాగినవా?"

"తాగలే. అండ్ల విషం కలిపిందేమో అనుకున్న."

"మంచి పనే జేసినవు" అంది సిలోనమ్మ. అది వాడి మీద ప్రేమతో అందో, నీళ్ళల్లో విషం కలిపేంత కోపం ఆ ద్వీపంలో ఉందని తెలిసి అందో, నేను అడగలేకపోయాను.