ఆళ్లగడ్డలో చెక్కించిన తళ్లికోట

పోయిన నెల ఒక సాయంత్రం శామ్యూల్ సార్ ఫోన్ చేసి, "సుబ్బయ్యా, ఆ డబ్బా వచ్చి తీసుకపో. నాకింక కనపడదప్పా," అన్నారు. ఈ ప్రయాణం ఆ మాటతో మొదలైంది. సార్ ఆళ్లగడ్డలో సోషల్ చెప్పి రిటైరయ్యారు. నేను నంద్యాలలో ఒక విత్తనాల కొట్టులో లెక్కలు రాస్తాను. చరిత్రలో జరిగిన యుద్ధాలను బల్ల మీద ఆడే పిచ్చి మా ఇద్దరికీ ఉంది. ఈ ఆటల గురించి తెలియనివారికి ఒక మాట. ఒక పటం ఉంటుంది, దాని మీద తేనెపట్టులా ఆరు మూలల గళ్లు ఉంటాయి. గళ్లలో దళాలకు గుర్తుగా చిన్న చిన్న అట్టముక్కలు, ఒక్కోదాని మీద దాని బలం ఎంతో రాసి ఉంటుంది. పాచికలు వేసి తలపడాలి. చదరంగం లాంటిదే కాని ఇందులో నది అడ్డం వస్తుంది, గుర్రాలు అలిసిపోతాయి. విదేశాల నుంచి వచ్చే పెట్టెలు మా స్తోమతకు మించినవి. నిఘంటువు పక్కన పెట్టుకుని వాటి నియమాలు చదివి, నేనూ సారూ కలిసి తళ్లికోట యుద్ధాన్ని డ్రాయింగ్ షీటు మీద సొంతంగా గీసుకున్నాం. ఆ పటం, ముక్కలు ఒక డబ్బాలో సార్ ఇంట్లోనే ఉండేవి. రెండో శనివారం వచ్చిందంటే సార్ ఇంట్లో ఆట. నాకు ఈ జిల్లాలో వేరే ఆటగాడు ఎవరూ తెలియదు. సార్‌కు కంటి నరం దెబ్బతిని చూపు తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు మనిషి ఆకారం తప్ప అక్షరం ఆనదు. డబ్బా తెచ్చేసుకున్నానంటే ఆట అయిపోయినట్టే.  కంటికి ఆనకపోతే చేతికి ఆనేట్టు చేయవచ్చు కదా అన్న ఆలోచన ఫోన్ పెట్టేశాక వచ్చింది. చేతికి ఆనేవి చెయ్యడానికి ఆళ్లగడ్డ కంటే మంచి ఊరు ఎక్కడుంది?

ఆళ్లగడ్డ రాతి విగ్రహాలకు పేరున్న ఊరు. బ్రహ్మయ్య ఆచారి అనే శిల్పితో ఫోన్లోనే మాట్లాడి, బేతంచెర్ల నాపరాతి బండ మీద గళ్లు, నది చెక్కమని, బొటనవేలంత ఏనుగులు, గుర్రాలు, బంట్లు రెండు సైన్యాలకు చెయ్యమని చెప్పాను. పటం కొలతలు గీసి పంపాను. విజయనగరానికి నల్లరాయి, సుల్తానుల కూటమికి ఎర్రరాయి అని రాశాను. రెండో శనివారం ఉదయం ఏడింటికి నంద్యాల బస్టాండులో కడప బస్సు ఎక్కాను. కడప, తిరుపతి వైపు పోయే బస్సులు అరగంటకొకటైనా ఉంటాయి కాబట్టి ముందుగా టికెట్టు అవసరం లేదు. ఛార్జీ వంద రూపాయలకు లోపే. గంటా, గంటంపావు ప్రయాణం. కూర్చోదలిస్తే ఎడమవైపు కూర్చోండి, శిరివెళ్ల దాటే దాకా నల్లమల కొండలు పొలాల వెనక కనబడుతూనే ఉంటాయి. కాలువ కింద వరి అప్పుడే నాట్లు పడింది. కండక్టరు చిల్లర లేదని నాకూ పక్కాయనకూ కలిపి ఒక నోటు ఇచ్చి పంచుకోమన్నాడు. ఆయన దిగేది నాకంటే ముందు. శిరివెళ్లలో ఇద్దరం దిగి, టీ తాగి, నోటు విడగొట్టాం, నేను పరుగున మళ్లీ బస్సెక్కాను.

ఆళ్లగడ్డలో శిల్పుల పనిశాలలు రోడ్డు పక్కనే వరసగా ఉంటాయి. అడ్రసు అక్కర్లేదు, ఉలి చప్పుడు వెంట వెళితే చాలు. ఆచారి గారి పాకలో సగం తేలిన అమ్మవారు ఒకవైపు, ఎవరో నాయకుడి తల ఒకవైపు ఉన్నాయి. ఆ రెండింటి మధ్య, గోనెపట్టా మీద నా యుద్ధరంగం. చూడగానే మనసు నిండింది. కృష్ణానది బండలో వేలు పట్టేంత లోతుగా పారుతోంది. సైన్యాలు దాటే రేవు దగ్గర మాత్రం ఆచారి గారు లోతు తగ్గించారు. తొండాలెత్తిన ఏనుగులు నల్లగా, నీళ్లలోంచి తీసినట్టు మెరుస్తున్నాయి. ఎర్రరాతివి మాత్రం ఉలి దెబ్బలు అట్లాగే ఉండి, దుమ్ముకొట్టుకుని ఉన్నాయి.

"ఇవేందన్నా, ఇట్లనే ఉండాయి?" అన్నాను.

"పాలీష్ పట్టే ఆమె ప్యాపిలికి పాయ. వాళ్ల అన్న కూతురి పెండ్లి. నల్లవి పట్టి పాయ, ఎర్రవి పట్టలే."

"మీరు పట్టకూడదా?"

ఆచారి గారు నా వైపు చూసి నవ్వారు. "నేను రుద్దితే తొండాలు ఇరుగుతాయి. ఆమె చేతిపని ఆమెదే. సోమారం రా, అద్దం మాదిరి చేసిస్తా."

సోమవారం దాకా ఆగితే సార్ మనసు గట్టిపడిపోతుంది. ఆయన ఒకసారి వద్దనుకుంటే వద్దంతే. సగం పనికి పూర్తి డబ్బు ఇవ్వడం నాకు అలవాటు లేదు కాని ఆరోజు ఇచ్చాను. బండను గోనెసంచిలో చుడుతూ ఆచారి గారు, "మా తాత కోయిలకుంట్ల దిక్కు ఒక గుడి మెట్ల మీద పులిజూదం గీతలు చెక్కినాడంట. దాని తర్వాత ఆటకు రాయి చెక్కింది నేనే," అన్నారు. ఎర్రవి తరువాత పాలీషుకు తెస్తానని చెప్పి బయటపడ్డాను.

బండ బరువు బియ్యం బస్తాలో సగం ఉంటుంది. ఆటో అతను వచ్చి ఒక చివర పట్టుకున్నాడు. గోనె పక్కకు జరిగి రాయి కనబడింది. నేను సార్ పేరు, ఇల్లు చెప్పగానే అతని మొహం మారింది.

"అయ్యో, శామ్యూల్ సార్ పోయినాడా? ఎప్పుడన్నా?"

"పోలేదప్పా. బాగుండాడు."

"మల్ల సమాధిరాయి ఎందుకు ఇప్పుడే?"

"సమాధిరాయి కాదు. ఆట."

"రాయితో ఆటేందన్నా!" అంటూ అతను దారి పొడుగునా వెనక్కి తిరిగి బండను చూస్తూనే ఉన్నాడు. ఐదు నిమిషాల దూరానికి అరవై అడిగాడు, నేను యాభై ఇచ్చాను. సార్ తనకు ఎనిమిదో తరగతిలో చెప్పాడని, బతికే ఉన్నాడు కాబట్టి యాభై చాలని తనే అన్నాడు.

ఇంటి ముందు అదే గొడవ. సార్ భార్య సుశీలమ్మ గేటు తీసి, బండను చూసి, చీరకొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "ఏం సుబ్బయ్యా, మా ఆయనకు అంత తొందర లేదు గదా!"

లోపలి నుంచి సార్ గొంతు. "ఎవరిది తొందర? పేరు తప్పు లేకుండా చెక్కినారా సూడు ముందు." ముగ్గురం నవ్వుకున్నాం. కాని లోపలికి వెళ్లేసరికి డబ్బా సిద్ధంగా బల్ల మీద ఉంది. దారంతో కట్టేసి ఉంది.

దాన్ని పక్కకు జరిపి బండ పెట్టాను. ఏమిటో చెప్పాను.  సార్ ఎడమచేత్తో బండ అంచు పట్టుకుని, కుడి చూపుడువేలు నదిలో పెట్టి ఆ చివర నుంచి ఈ చివరకు నడిపించారు. రేవు దగ్గర వేలు ఆగింది. "ఈడ పల్లం తగ్గింది. రేవు," అన్నారు.  నేను నల్ల ఏనుగు ఒకటి, ఎర్ర ఏనుగు ఒకటి ఆయన అరచేతిలో పెట్టాను. "ఈ రెండోది ఇంకా పాలీష్ కాలేదు సార్. సోమవారం పట్టించి తెస్తా. నల్లవి విజయనగరం, ఎర్రవి సుల్తానులు."

"నల్లవి, ఎర్రవి," అన్నారు సార్ మెల్లగా. "నాకెట్ల తెలుస్తాదప్పా నలుపు, ఎరుపు?"

 ఇన్నేళ్లుగా మాకు సైన్యమంటే రంగు. అట్టముక్కలకు రంగు, పటానికి రంగు. కళ్లు పోయిన మనిషి కోసం రాళ్లు చెక్కిస్తూ కూడా నేను రంగులే లెక్కవేశాను.

సార్ రెండు ఏనుగులనూ వేళ్ల మధ్య తిప్పుతున్నారు. "ఇది నున్నగ ఉండాది. ఇది గరుకు. గరుకు నీదా, నాదా?"

"నాది సార్. సుల్తానులది."

"మల్ల దాన్నీ పాలీష్ పట్టించి యామారించాలనా నన్ను?" అన్నారు. "ఉండనీ అట్లనే. మీ సుల్తానులకు గరుకే సరి."

సైన్యాలను మోహరించాం. సార్ ఎప్పుడూ విజయనగరమే తీసుకుంటారు. చరిత్రలో ఓడినవాళ్లను ఒక్కసారన్నా గెలిపిస్తానని ఆయన పంతం. పాచికలు నేను చదువుతానంటే ఒప్పుకోలేదు. "నిన్ను నమ్మను. లెక్కలు రాసేటోనివి," అన్నారు. సుశీలమ్మ కూరగాయల పళ్లెంతో వచ్చి పక్కన కూర్చుంది. బీరకాయలు తరుగుతూ పాచికలు చూసి చెప్పే పని ఆమె తీసుకుంది.

మొదట బాగా సాగలేదు. సార్ తన గుర్రాన్ని వెతుకుతూ నా బంట్లను పడేశారు. నిలబెట్టాను. మళ్లీ చెయ్యి చాస్తే తన ఏనుగులే దొర్లాయి, ఒకటి కిందపడింది. సార్ చేతులు వెనక్కి తీసుకుని ఒళ్లో పెట్టుకున్నారు. "సాలు సుబ్బయ్యా. తెచ్చినావు, సంతోషం. డబ్బా తీసుకపో."

 జవాబు చెప్పింది సుశీలమ్మే. "పడితే లేపుకో. బడిలో పిల్లోళ్లు తప్పు రాసినప్పుడల్లా బడి మూసి ఇంటికొచ్చినావా ఏంది?" తల ఎత్తకుండా బీరకాయ చెక్కు తీస్తూనే అంది.

 సార్ ఎడమచేతిని రేవు మీద ఆనించి, దాన్ని అక్కడే ఉంచి, కుడిచేతిని మాత్రం గడి గడిగా జరుపుకుంటూ వెళ్లారు. ఏమీ పడలేదు. "ఇట్లయితే యాడుండానో తెలుస్తాంది," అన్నారు. అప్పటి నుంచి ఎవరు ఏది కదిపినా నోటితో చెప్పాలని నియమం పెట్టుకున్నాం. ఒకసారి నేను చెప్పకుండా గుర్రాన్ని జరిపితే, "గీరుకున్న సప్పుడైంది. ఏందది?" అని పట్టేశారు.

మధ్యాహ్నం జొన్నరొట్టె, బీరకాయ పచ్చడి. తిన్నాక నేను నా పాత ఎత్తు వేశాను. గుర్రాలను నది వెంట దూరంగా నడిపించి, అక్కడెక్కడో దాటబోతున్నట్టు చూపించి, సార్ సైన్యం అటు పరిగెత్తగానే రేవు మీద పడడం. ప్రతిసారీ ఆయన అటు పరిగెత్తేవారు. ఈసారి కదలలేదు. ఎడమచెయ్యి రేవు మీద నుంచి తియ్యడం ఆయనకు ఇష్టం లేదు. సైన్యమంతా ఆ చేతి చుట్టూనే నిలిచింది. నా గుర్రాలు అలిసి తిరిగివచ్చేసరికి ఏనుగులు వరసగా ఎదురున్నాయి. సుశీలమ్మ పాచికలు చూసి, "ఆరు. మల్లా ఆరు," అంది. నేను నది దాటడం వదులుకుని ఓటమి ఒప్పుకున్నాను.

"యాడికి పోయినావప్పా గుర్రాలేసుకుని? ఊరు సూసేకా?" అని సార్ పెద్దగా నవ్వారు.

నాలుగున్నరకు లేచాను. బండ ఎక్కడ పెట్టాలని అడిగితే, మంచం పక్కన, చెయ్యి చాపితే తగిలేట్టు పెట్టమన్నారు. ముక్కలు తీయవద్దు, పొద్దున్నే తడుముకుని రేవు దగ్గర నా గుర్రాలు ఏం చేసి ఉండాల్సిందో చూస్తానన్నారు. వాకిట్లో చెప్పులు వేసుకుంటుంటే సుశీలమ్మ డబ్బా తెచ్చి ఇచ్చింది. నేను సార్ వైపు చూశాను.

"తీసుకపో. ఆ అట్టముక్కలతో నాకేం పని? రెండో శనివారం బేగా రా," అన్నారు.

తిరుగు బస్సులో డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎన్నాళ్లో కూర్చుని గీసిన పటం, కత్తిరించిన ముక్కలు అందులో ఉన్నాయి. వాటి మీద బెంగ లేదని అబద్ధం చెప్పను. యుద్ధాన్ని పైనుంచి, గద్దలా చూడడమే ఈ ఆటలో ఆనందమని నేను ఇన్నాళ్లూ అనుకున్నాను. నిజంగా నది ఒడ్డున నిలబడ్డవాడికి చేతికందినంతే తెలుస్తుంది. సార్ ఆరోజు ఆడింది అలా. మా ఇద్దరిలో తళ్లికోటకు దగ్గరగా వెళ్లినవాడు ఆయనే అనిపించింది.

ఆళ్లగడ్డలో ఏదైనా చెక్కించుకోవాలనుకునేవారికి ఒక సూచన: కొలతలు, రంగులు ఫోన్లో చెప్పి ఊరుకోకండి. పాలీషు పట్టక ముందే ఒకసారి వెళ్లండి, ఆ వస్తువు ఎవరి కోసమో ఆ మనిషిని వెంట తీసుకువెళ్లి రాయి చేతికివ్వండి.