అవతలి గట్టుతో మాటల్లేని రోజులు

పోస్టుకు చేరింది నవంబరు నెలాఖరు శుక్రవారం, పగలు మూడున్నరకు. ఏలూరు నుంచి పడవలో ఐదు గంటలు. మొత్తం ఐదుగురం. రెండు గుడారాలు, రెండు ఫీల్డు ఫోన్లు, పావుమైలు తీగ, నూటఇరవై గజాల మోకు, మనిషికో రైఫిలు, ఒక మైనపు గుడ్డ. రైఫిలు ఎందుకో ఎవరికీ తెలియదు. కొల్లేట్లో కాల్చడానికి కొంగలు తప్ప ఏముంటాయి? అయినా రోజూ తుడిచాం. ఆర్డరు ఆర్డరే.

లంక ఊళ్ళకు వెళ్ళే కర్ర వంతెన తుపానుకు కొట్టుకుపోయింది. కొత్తది కట్టేదాకా ఆ పాయ మీద మేము పంటు నడపాలి. బియ్యం, మందులు, మనుషులు దాటాలి. గడువు నాలుగు వారాలు. రెండు నాటుపడవల మీద బల్లలు పరిచి కట్టిందే మా పంటు. ఈ గట్టు నుంచి ఆ గట్టుకు మోకు బిగించాం. పంటు మీద నిలబడి ఆ మోకును చేత్తో లాక్కుంటూ దాటాలి. పాయ వెడల్పు ఎనభై గజాలు. నడుమ లోతు గడకు అందలేదు.

అంతకుముందు సరిహద్దు కొండల్లో రెండేళ్ళు చేశాను. ఊళ్ళో అందరూ ఆ సంగతులే అడుగుతారు. చెప్పడానికి అవి బాగానే ఉంటాయి. కానీ నాకు భయమంటే తెలిసింది ఇక్కడ, ఇంటికి ఐదు గంటల దూరంలో. ఇది ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

హవల్దారుది చింతలపూడి వైపు మెట్ట. నీళ్ళంటే ఆయనకు పడదు. వంటాయనది పెదపాడు. వీళ్ళిద్దరూ నేనూ ఇటు గట్టున. అటు గట్టున సిగ్నలరు, ఒక సిపాయి. నేను లాన్సు నాయకును. మోకు బాధ్యత నాది. రోజూ ఉదయం ఆరింటికి రెండు కొసలూ చూడాలి.

సిగ్నలరుది తాడేపల్లిగూడెం, మిషను కాంపౌండు. ఇరవై రెండేళ్ళు. ఐదుగురిలో క్రైస్తవులం మేమిద్దరమే. మొదటి రోజే "వందనాలు అన్నయ్య గారూ" అంటూ వచ్చి నా పెట్టె మోశాడు. వాడి ఫోనుకు ఒక ఆర్డరుంది. గంట మోగి మాట రాకపోతే తీగ చెడిందని లెక్క. సిగ్నలరు వెంటనే తీగ వెంబడి చూసుకుంటూ రావాలి. తీగను మోకుకే కట్టుకుంటూ పోయాం కాబట్టి, పంటు ఎక్కితేగాని చూడటం కుదరదు.

క్రిస్మస్‌కు ముందు వచ్చే నాలుగు ఆదివారాలనూ మేము ఆగమన కాలం అంటాం. ప్రభువు వస్తున్నాడని ఇల్లూ మనసూ శుభ్రం చేసుకునే రోజులు. గోడలకు సున్నం వేస్తారు, పెద్దవాళ్ళు ఒంటిపూట ఉంటారు. మా వైపు ఇంకో పట్టింపు ఉంది. మాటల్లేనివాళ్ళు ఈ నాలుగు వారాల్లో కలుపుకోవాలి. లేకపోతే క్రిస్మస్ నాడు ప్రభువు బల్ల దగ్గర రొట్టె ముట్టకూడదు. సంఘం ఉపదేశి గారు ఇంటింటికీ తిరిగి ఈ ఒక్క మాటే అడుగుతారు.

మొదటి ఆదివారం లంకలో, తాటాకు పాకలో ప్రార్థన. నాకు ఎనిమిదింటిదాకా సెలవు. పాటలు బాగున్నాయి, కూర్చుండిపోయాను. పంటు దగ్గరకు వచ్చేసరికి ఎనిమిదీ నలభై. సిగ్నలరు పుస్తకంలో ఎనిమిదీ నలభై అనే రాశాడు. సాయంత్రం హవల్దారు పుస్తకం చూశాడు. శిక్ష పడింది. మూట వీపున వేసుకుని గట్టు మీద రెండు గంటలు నడక, వచ్చే ఆదివారం సెలవు రద్దు. చేపలవాళ్ళు దోనెలు ఆపుకుని మరీ చూశారు.

సిగ్నలరు నా దగ్గరకు వచ్చాడు. "పుస్తకంలో అబద్ధం ఎలా రాయమంటారండీ అన్నయ్య గారూ?" అన్నాడు.

"నీతో నాకు మాటల్లేవు. పో" అన్నాను.

తప్పు నాదే. తెలుసు. తెలిసే ఒళ్ళు మండింది. మనవాడై ఉండి ఇరవై నిమిషాలన్నా తగ్గించలేదని కడుపుమంట.

మాటలు మానెయ్యడంలో మా గోదావరి వాళ్ళకో పద్ధతి ఉంది. తిట్టుకోం, కొట్టుకోం. మధ్యలో ఒకణ్ణి పెట్టుకుని వాడితో చెప్పిస్తాం. మా మధ్యన వంటాయన నలిగిపోయాడు. ఫోను మోగితే ఆయన గరిటె చేత్తో పరుగెత్తుకొచ్చేవాడు.

"అవతలి గట్టు. ఎవరండీ?"

"నేనేనయ్యా, వంటాయన్ని. పంటుకు నలుగురు మనుషులు, రెండు బస్తాలు అని చెప్పమంటున్నారు."

"చెప్పమంటున్నది అన్నయ్య గారేనాండీ?"

"ఆయనే. ఇదిగో నా పక్కనే నిలబడి గుడ్లురుముతున్నారు."

హవల్దారు నవ్వేవాడు. "ఏవండీ, ఇది పోస్టా, మీ కాపరమా? పిల్లాడితో పంతమేమిటండీ మీకు?" అనేవాడు. నేను పలికేవాణ్ణి కాదు. అలా పలక్కుండా ఉండటం నాకు బాగానే ఉండేది. సిగ్గులేకుండా చెబుతున్నాను, బాగానే ఉండేది.

రెండో వారంలో గాలి తూర్పుకు తిరిగింది. నీటిమట్టం చూసే కర్ర మీద రోజుకు రెండంగుళాలు పెరుగుదల. గట్టు మీదకు పాములు ఎక్కడం మొదలైంది. బుధవారం ఆరు, గురువారం పదకొండు చంపాం. కిక్కిస దుబ్బుల్లో పక్షులు కనబడటం మానేశాయి. చేపలవాళ్ళు వలలు ఎత్తి ఇళ్ళ చూరుకు కట్టేసుకున్నారు. ఎందుకని అడిగితే, "ఏమోనండీ, నీళ్ళు బాగోలేవు" అన్నారు.

నాకు సెలవు లేదని రెండో ఆదివారం ఉపదేశి గారే దోనె వేసుకుని ఇటు గట్టుకు వచ్చారు. ముసలాయన. మోకాళ్ళదాకా బురద. గుడారం ముందు కూర్చుని అడిగారు. "మనసులో ఎవరిమీదన్నా ఏమన్నా ఉందా బాబూ?"

"ఉందండి. చూద్దాం. ఇంకా రెండు వారాలుంది కదండీ."

"ఉందని ఎవరు చెప్పారండీ మీకు?" అన్నారాయన.

నాకు చిర్రెత్తుకొచ్చింది. ప్రార్థన చేయించుకోకుండానే లేచి మోకు చూడటానికి పోయాను.

మూడో ఆదివారం. ఉదయం ఐదుకే హవల్దారు ఏలూరు నుంచి వచ్చే సామాను పడవకు ఎదురెళ్ళాడు. ఆరింటికి నేను మోకు చూశాను. మా గట్టున, ఇనుప కడియం ఒరుసుకునే చోట, మూడు పురుల్లో రెండు తెగి ఉన్నాయి. మిగిలింది ఒక్క పురి. గాలి హోరు. నీరు ముందురోజు కంటే ఐదంగుళాలు పైకి ఉంది. పంటు అటు గట్టున కట్టి ఉంది. దాన్ని కదపొద్దని అవతలికి చెప్పాలి. అంతే పని.

ఫోను దగ్గరకు వెళ్ళి పిడి తిప్పాను. ఆరూ పది.

"అవతలి గట్టు. ఎవరండీ?"

వాడి గొంతు వినగానే నోరు బిగుసుకుపోయింది. వంటాయన కోసం చూశాను. లేడు. కట్టెలకు వెళ్ళాడు.

"ఎవరండీ? వినబడటం లేదండీ. హలో?"

ఫోను పెట్టేశాను. పది నిమిషాల్లో వంటాయన వస్తాడు, ఆయనతో చెప్పిద్దాం అనుకున్నాను. నిజంగా అంతే అనుకున్నాను. ఆ ఆర్డరు సంగతి తట్టనే లేదు. వంటాయనను కేకేసుకుంటూ గట్టు వెంబడి వెళ్ళాను. దొరికాడు. కట్టెలమోపుతో సహా లాక్కొచ్చాను.

తిరిగి వచ్చేసరికి పంటు పాయ నడుమ ఉంది. దాని మీద సిగ్నలరు ఒక్కడే. అటు సిపాయికి మూడు రోజులుగా చలిజ్వరం. ఒక చేత్తో మోకు లాగుతూ, రెండో చేత్తో తీగ తడుముకుంటూ వస్తున్నాడు.

"ఆగు! రావొద్దు! మోకు తెగింది!" అని అరిచాను. పదిహేను రోజుల తర్వాత వాడితో నేనన్న మాటలు అవి. గాలి ఎదురు. వాడు తలెత్తి నన్ను చూశాడు, చెయ్యి ఊపాడు. నేను మాట్లాడుతున్నానని సంతోషించాడో ఏమో, నవ్వాడు కూడా. పరుగెత్తి వెళ్ళి కడియం దగ్గర మోకు పట్టుకున్నాను. మూడో పురి నా చేతుల్లోనే తెగింది. అరచేతుల తోలు ఊడివచ్చింది. పంటు ఒక చుట్టు తిరిగి పక్కకు ఒరిగింది. తర్వాత నీళ్ళే ఉన్నాయి.

మంగళవారం పగలు పదకొండింటికి, మైలున్నర కింద, కిక్కిసలో దొరికాడు. తీగలు కత్తిరించే పటకారు నడుముకు అలాగే ఉంది.

అవతలి గట్టు పుస్తకాన్ని హవల్దారు పైకి చదివాడు. "ఆరూ పది. గంట మోగింది, మాట లేదు. లైను చెడినట్టుంది. చూడటానికి వెళ్తున్నాను." మూసేసి, "పాపం, లైను వల్ల పోయాడండీ" అన్నాడు. నేను ఏమీ అనలేదు. అప్పటికి పలక్కుండా ఉండటం నాకు బాగా అలవాటైపోయింది.

కొత్త మోకు వచ్చింది. నాలుగో ఆదివారం దాటాక మమ్మల్ని వెనక్కు పిలిచారు. వాడి సామాను ఇంటికి చేర్చే పని, మీవాడే కదా అని, నాకే అప్పజెప్పారు. ఏలూరులో రైలెక్కి తాడేపల్లిగూడెంలో దిగాను. క్రిస్మస్‌కు రెండు రోజులుంది.

వాళ్ళమ్మ ఇంటి గోడకు సున్నం వేస్తోంది. కబురు అప్పటికే అందింది. ఏడ్చి ఏడ్చి ఆమె మొహం వాచిపోయి ఉంది. అయినా పని ఆపలేదు. ప్రభువు వచ్చేవేళకు ఇల్లు మాసి ఉండకూడదట. "వందనాలు బాబూ" అంది. పెట్టె దించి, లెక్కప్రకారం బట్టలు, బైబిలు, పటకారు అప్పగించాను. కూర్చోమంది. నేను కూర్చోలేదు.

"మా వాడు రాసిన ఉత్తరం పోయినవారం అందింది బాబూ. అక్కడ ఒకాయనతో మాటల్లేవమ్మా, క్రిస్మస్‌లోగా ఎలాగైనా కలుపుకుంటానని. పేరు రాయలేదు. కలుపుకోకుండానే పోయాడు. ఆయనెవరో మీకు తెలుసాండీ? చెప్పండి, వాడి బదులు నేనెళ్ళి బతిమాలుకుంటాను. బల్ల రోజులోగా అడగాలి కదండీ."

తెలియదమ్మా అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. రెండుంబావుకు బండి ఉంది.

"నేనేనమ్మా" అన్నాను.

మిగతాది కూడా చెబుదామనే నోరు తెరిచాను. తప్పు వాడిది కాదని, మోకు తెగబోతోందని తెలిసీ ఫోను పెట్టేశానని. ఆమె నన్ను చెప్పనివ్వలేదు. అప్పటికే వంగిపోయింది. "మా వాణ్ణి క్షమించండి బాబూ, చిన్నవాడు" అంటూ నా కాళ్ళు పట్టుకుంది.

ఆమెను లేవనెత్తడానికి నా చేతులు కదల్లేదు. చెప్పాల్సింది చెప్పకుండానే బండెక్కేశాను. ఆ ఏడు బల్ల దగ్గరకు పోలేదు, తర్వాతా పోలేదు. ఎన్ని ఊళ్ళు తిరిగినా, ఎన్నేళ్ళయినా కళ్ళ ముందు నుంచి పోనిది ఒక్కటే. నా నల్లటి మిలిటరీ బూట్ల మీద సున్నం అంటిన ఆ తల్లి చేతులు.