ఏడో గ్లాసులోని తడిమట్టి వాసన

2024 మే 21, మంగళవారం, ఉదయం పది గంటలు. స్థలం: మొయినాబాద్ దాటాక చేవెళ్ల రోడ్డుకు కొంచెం లోపలగా ఉన్న మా డిస్టిలరీ, రుచి చూసే గది. హాజరైనవారు: యజమాని విక్రమ్, బట్టీ చూసే కరుణాకర్, ల్యాబ్ కెమిస్టు సుమలత, నేను. మధ్యాహ్నం రెండింటికి ఎంకపల్లి నుంచి రైతు యాదమ్మ.

ఆ రోజు డైరీలో మొదటి వరుసలు ఇవే. కింద మూడు పేజీలున్నాయి. వాటిలో రెండు పేజీలు తప్పు. ఎక్కడ తప్పానో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా వృత్తి పేరు చెప్పగానే చాలామంది నవ్వుతారు, తాగడానికి జీతమా అని. నిజానికి గుక్క నోట్లోకి తీసుకుని, నాలుక మీద తిప్పి, పక్కనున్న డబ్బాలో ఉమ్మేయడమే ఈ పని. ఆ డబ్బాను స్పిట్టూన్ అంటారు. నోటి కంటే ముందు ముక్కుకు పని ఉంటుంది. గ్లాసు అంచు దగ్గర ముక్కు పెట్టి, నోరు కొంచెం తెరిచి, మెల్లగా వాసన తీసుకోవడాన్ని నోజింగ్ అంటాం. ఒక పెద్ద కర్మాగారపు ల్యాబ్‌లో ముప్పై నాలుగేళ్లు ఇదే చేశాను. రిటైరయ్యాక ఈ చిన్న డిస్టిలరీకి మూడేళ్లు సలహాదారుగా ఉన్నాను. పని వేళల్లో ఒక్క గుక్క మింగిన రోజు నా డైరీల్లో లేదు.

విక్రమ్‌ది బోర్బన్ తరహా విస్కీ చేయాలన్న పట్టుదల. బోర్బన్ అమెరికా విస్కీ. దాని గింజల్లో సగానికి పైగా మొక్కజొన్న ఉండాలి. లోపలి గోడలు కాల్చిన కొత్త ఓక్ పీపాల్లో నిలవ ఉండాలి. అక్కడ తయారైనదాన్నే ఆ పేరుతో పిలవాలి కాబట్టి మాది ఉత్త మొక్కజొన్న విస్కీ. పేరు ఏదైనా, పోల్చుకోవలసింది మాత్రం దానితోనే. అందుకని మూడు అమెరికా బోర్బన్ సీసాలు తెప్పించాం. ఒకటి చవకది, ఒకటి మధ్యరకం, ఒకటి బాగా ఖరీదైనది.

నా మార్కుల కార్డులో నాలుగు గళ్లుంటాయి. వాసన, రుచి, ఉమ్మేశాక గొంతులో మిగిలే ముగింపు, చివరగా ఒక ప్రశ్న: ‘ఈ సీసాకు మీరైతే ఎంత పెడతారు?’ ధర తెలియకుండా ఆ గడి నింపాలి. ధర చూసి తాగితే కళ్లే తాగుతాయి, నాలుకకు ఏమీ మిగలదు. ఖరీదైన సీసాకు చవక ధర రాసి, తరువాత నాలుక కరుచుకున్న పెద్దమనుషులను చాలామందిని చూశాను.

ఆ రోజు మొత్తం ఎనిమిది శాంపిళ్లు. ఒకటి నుంచి మూడు వరకు అమెరికావి. నాలుగు నుంచి ఆరు వరకు మేం బజారు మొక్కజొన్నతో చేసినవి. ఏడు, ఎనిమిది మాత్రం యాదమ్మ మొక్కజొన్నవి, రెండేళ్లు పీపాల్లో ఉండి మొదటిసారి బయటికి వచ్చినవి. వాటిలో నీళ్లు కలపలేదు. అలా పీపా నుంచి నేరుగా తీసిన బలాన్ని క్యాస్క్ స్ట్రెంగ్త్ అంటాం. బలమైనవి ముందు పెడితే నాలుక మొద్దుబారుతుంది కాబట్టి అవి చివర ఉండాలి. ఆ వరుస వేసింది నేనే, పోసింది నేనే. ఏ నంబరులో ఏముందో నాకు తెలుసు కాబట్టి నా కార్డు లెక్కలోకి రాదు. మిగతా ముగ్గురి సగటే తీర్పు.

తీర్పు కోసం ఎదురుచూస్తున్నది యాదమ్మ. ఎంకపల్లిలో పదకొండు ఇళ్లవాళ్లను ఒప్పించి, పాత నాటు మొక్కజొన్న వేయించింది ఆమె. మేం తీసుకోకపోతే ఆ గింజ కోళ్ల దాణాకు పోవాలి. విత్తనం కంకులు ఇంకా వాళ్ల ఇళ్లలో పొయ్యి మీది దూలానికి పొగలో వేలాడుతున్నాయి. నాలుగు రోజుల్లో రోహిణి కార్తె, విత్తనం సిద్ధం చేసుకునే వేళ. మేం సరేనంటే వాటిని దించి గింజలు ఒలుస్తారు. కాదంటే ఆ పదకొండు ఇళ్లూ హైబ్రిడ్ విత్తనానికి చేవెళ్ల దుకాణాలకు పోతాయి, పాత విత్తనం అక్కడితో ముగుస్తుంది.

ఉదయం ఆరో గ్లాసు దాకా అంతా మామూలే. ఏడో గ్లాసు దగ్గర సుమలత కనుబొమలు ముడిపడ్డాయి. ఎనిమిది దగ్గర విక్రమ్ గ్లాసు దూరంగా జరిపాడు. కార్డులు తీసి చూశాను. ‘తడిమట్టి’ అని సుమలత. ‘నేలమాళిగ, చేదు వేరు’ అని విక్రమ్. కరుణాకర్ ఒకటే మాట రాశాడు: ‘బూజు’. ముగ్గురూ ధర గడిలో అన్నిటికంటే తక్కువ ధర రాశారు. నా కార్డులో మాత్రం ఏడుకు ‘తియ్యదనం, కాల్చిన కంకి, దోషం లేదు’ అని ఉంది.

దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాను. ముగ్గురు పడుచు ముక్కులు ఒకటే చెబుతుంటే, అరవై ఏడేళ్ల ముక్కు వేరే చెబుతోంది. యాదమ్మ మీది అభిమానం నా చేత అలా రాయించిందేమో అనుకున్నాను. లేదా నా ముక్కు పని అయిపోయిందేమో. రెండోది తలుచుకుంటే మధ్యాహ్నం అన్నం సయించలేదు.

“సార్, గింజలో తేమ ఉండి బూజు పట్టింది. క్లియర్ కేస్” అన్నాడు విక్రమ్. “నాకు ఫీలింగ్స్ వద్దు, మీ పేపర్ ఏం చెప్తే అదే.”

పేపర్ అదే చెబుతోంది. నేనూ సరేనన్నాను.

రెండింటికి యాదమ్మ వచ్చింది. మొయినాబాద్ దగ్గరి హిమాయత్‌నగర్ ఊళ్లో షేర్ ఆటో మారి, రోడ్డు మీద దిగి, ఎండలో నడిచి వచ్చింది. నీళ్లు తాగి కొంగుతో ముఖం తుడుచుకుంది.

“ఏం సారూ, నా మక్కలు పాసైనయా, ఫేలైనయా? పది పరీక్ష రాసిన పిల్ల లెక్క రాత్రంత నిద్ర లేదు.”

“యాదమ్మా, వాసనల తేడా వచ్చింది. ఆరకముందే సంచుల పోసినట్టున్నరు” అన్నాను.

ఆమె నా వంక చూసింది. “ఆరకముందా? పన్నెండు రోజులు ఆరబోసిన. మబ్బు పడితె నా చీరలు తెచ్చి కప్పిన. గింజ పండ్ల కింద పెడితె టక్కుమన్నంకనే సంచిల పోసినం. ఎవరన్నరు సారూ ఆ మాట?”

“ముగ్గురన్నరు.”

“జర నాకు చూపియ్యుండ్రి.”

కరుణాకర్ నవ్వాడు. “భద్రం అవ్వా, ఇది కల్లు కాదు. ఒక్క గుక్కకు ఆటో సంగతి మరిచి ఎంకపల్లి దాక నడిచే పోతవు.”

“తాగనీకి రాలే బిడ్డా. రెండేండ్ల కింద పంపిన పిల్ల ఎట్లున్నదో చూసిపోదమని వచ్చిన.”

ఏడో గ్లాసు ఆమె చేతికిచ్చాను. నోజింగ్ గురించి ఆమెకు ఎవరూ నేర్పలేదు. అయినా గ్లాసును ముక్కు దగ్గర పెట్టి, తీసి, మళ్లీ పెట్టింది. ఆమె ముఖం విప్పారింది.

“ఇది మక్కల వాసన కాదు సారూ. ఇది వస.”

“ఏంది?”

“వస కొమ్ము. పసిపిల్లలకు మాటలు మంచిగ రావాలని అరగదీసి నాలికె మీద రాస్తం గద. మా మన్మరాలికి పొద్దుగాలనే రాసి వచ్చిన. ఇగో, ఈ వేలుతోని.”

ఆమె చూపుడువేలు పైకెత్తింది. విక్రమ్, నేను ఒకరినొకరం చూసుకున్నాం. నాకు తోచిందే అతనికీ తోచింది.

“మరి మీ వేలి వాసనే మీకు తగిలిందేమో యాదమ్మా” అన్నాను, వీలైనంత మెత్తగా.

ఆమెకు కోపం వచ్చింది. గ్లాసు బల్ల మీద పెట్టింది. “సరే సారూ. నేను పోయి చెయ్యి కడుక్కొని వస్త. మీరు గ్లాసు కడుగుండ్రి.”

గ్లాసు కడగడమనే మాట నన్ను ఆపింది. ఎందుకో చెప్పాలంటే నాలుగు రోజులు వెనక్కి వెళ్లాలి. మా దగ్గర తలా ఆరు గ్లాసులే ఉన్నాయి. ఈసారి శాంపిళ్లు ఎనిమిది కావడంతో మరో ఎనిమిది కొత్త గ్లాసులు తెప్పించాం, తలా రెండు చొప్పున. పెట్టె విప్పితే అట్ట వాసన. అట్ట వాసన విస్కీకి పట్టుకుంటుంది. అందుకని వాటిని ఇంటికి తీసుకెళ్లి, వేడి నీళ్లతో నేనే కడిగి, ఆరబెట్టి, దుమ్ము పడకుండా నా బీరువాలో బోర్లించాను. కడిగిన గ్లాసును మళ్లీ తడిపితే శాంపిల్ పలచబడుతుందని, ఉదయం వాటిని నేరుగా బల్ల మీదికి తెచ్చాను. ఏడూ, ఎనిమిదీ పోసింది వాటిలోనే.

నేనే కుళాయి దగ్గరికి వెళ్లి ఒక కొత్త గ్లాసును మూడుసార్లు కడిగాను. సుమలత సీసా నుంచి మళ్లీ ఏడో శాంపిల్ పోసింది. యాదమ్మ తడిచేతులు దులుపుకుంటూ వచ్చేసరికి సుమలత గ్లాసులో ముక్కు పెట్టి ఉంది.

“సార్... చాలా తగ్గింది సార్.”

“మరి నా వేలు సంగతి ఏందమ్మా?” అంది యాదమ్మ.

సుమలతకు పెళ్లి కాలేదు. విక్రమ్, కరుణాకర్ పసిపిల్లల ఉయ్యాల దగ్గర కూర్చుని వస వాసన ఎరిగినవాళ్లు కారు. మేం వాసనలు నేర్చుకున్న ఫ్లేవర్ వీల్, అంటే వాసనల పేర్లు రాసిన గుండ్రటి పటం, బయటి దేశంలో తయారైంది. అందులో వెనిలా ఉంది, తోలు ఉంది, తడిసిన అట్ట ఉంది. వస లేదు. పటంలో లేని వాసనకు ఆ ముగ్గురూ దగ్గరలో ఉన్న పేర్లు పెట్టారు. తమ ముక్కుకు తెలిసినదాన్నే నిజాయితీగా రాశారు.

విక్రమ్ అప్పటికప్పుడు మళ్లీ మార్కులు వేద్దామన్నాడు. నేను ఒప్పుకోలేదు. భోజనం తరువాత మార్కులు వేయకూడదన్నది నా నియమం. ముక్కు అప్పటికి అలసిపోయి ఉంటుంది. “రేపు పొద్దున్న పదింటికి. యాదమ్మా, నువ్వు కూడ రావాలె” అన్నాను.

“వస్త. ఫికర్ మీరు పడుండ్రి ఇగ, నేను పడ్డది చాలు” అంటూ వెళ్లిపోయింది.

ఇంటికి వెళ్లగానే బీరువా తెరిచాను. 1979 నుంచి నా డైరీలన్నీ అందులోనే ఉన్నాయి. పురుగు పట్టకుండా ప్రతి అరలో మూలకు ఒక గుడ్డమూట కట్టి పెడతాను. ఒకటి విప్పాను. వస కొమ్ములు. ముక్కుకు ఆనించి పీల్చినా నాకు పెద్దగా తెలియలేదు. నలభై ఐదేళ్లుగా రోజూ తెరిచి మూసే బీరువా వాసనను నా ముక్కు ఎప్పుడో లెక్కలోంచి తీసేసింది. ఏడో గ్లాసులో దోషం నాకు కనబడకపోవడానికి కారణం అది. ముక్కు పోలేదు. వసకు మాత్రమే మూసుకుంది.

మా ఆవిడ వంటింట్లోంచి తొంగి చూసింది. “ఆ బీరువ తెరిస్తె నాకు తుమ్ములొస్తయని పెండ్లైన సంది చెప్తున్న. ఇయ్యాల ఎవరన్న చెప్పిండ్రా?”

“ఎంకపల్లి యాదమ్మ చెప్పింది.”

“నేను చెప్తె డైరీల రాయలే గద” అంది.

నిజమే, రాయలేదు. ఆ సాయంత్రం రాశాను. రెండు పేరాలు. ఒకటి ఆమె తుమ్ముల గురించి. రెండోది నా తప్పు గురించి. అట్ట వాసన తప్పించాలని వస వాసన అంటించాను. బలమైనవి చివర ఉండాలన్న పద్ధతి మంచిదే, కొత్త గ్లాసులను చివరి నంబర్లకు పెట్టడమూ సహజమే. రెండు మంచి పద్ధతులు కలిసి ఒక మనిషి పంటను దోషిగా నిలబెట్టాయి. పైగా వాసన ఎక్కడిదని వెతకకుండా, గింజ ఎవరిదని వెతికాను. గ్లాసును అడగకముందే రైతును అడిగాను. ఆ తరువాత ఏ శాంపిల్‌లో దోషం కనిపించినా, ముందు నా చేతిలో ఉన్నదాన్ని అనుమానించడం అలవాటు చేసుకున్నాను. మాకు పని నేర్పినవాళ్లు కూడా ఈ మాట చెప్పారు. కాని యాదమ్మ కోపంగా చెప్పాకే అది లోపలికి దిగింది.

మే 22, బుధవారం, ఉదయం పది గంటలు. హాజరైనవారు: అదే నలుగురు, యాదమ్మ. గ్లాసులన్నీ అందరి ఎదుట ఒకే కుళాయి కింద కడిగాం. శాంపిళ్లను ఒకే బలానికి నీళ్లతో దించి, ఒకే రకం సీసాల్లో పోసి, అడుగున మడిచిన చీటీలు అంటించాం. సీసాలను ఇష్టం వచ్చిన వరుసలో పెట్టే పని యాదమ్మది. ఏది ఏదో ఆమెకూ తెలియదు. నాకూ తెలియదు కాబట్టి ఆ రోజు నా కార్డు కూడా లెక్కలోకి వచ్చింది.

గంటసేపు వాసన చూసి, ఉమ్మి, గళ్లు నింపాం. కార్డులు కలిపి, చీటీలు విప్పాం. మధ్యరకం అమెరికా సీసా మొదట నిలిచింది. రెండోది యాదమ్మ మొదటి పీపా. ధర గడిలో కూడా మా నలుగురి కార్డుల్లో అది ఖరీదైన సీసా కంటే పైనే ఉంది. ఖరీదైనది ఐదో స్థానానికి జారింది. యాదమ్మ రెండో పీపా ఆరోదిగా వచ్చింది. నాలుక ఎండగట్టే చెక్క చేదు అందులో ఎక్కువైంది. పీపాను మరీ కాల్చారు, ఆ తప్పు మాది. అదీ ఆమెకు చెప్పాం.

రెండో స్థానం సీసా మూత తీసి ఆమె ముక్కు దగ్గర పెట్టాను. “ఇప్పుడు ఏమొస్తున్నది?”

“పేలాలు” అంది. మళ్లీ పీల్చింది. “కంకి కాలుస్తుంటె ముందుగాల పీచు అంటుకుంటది చూడుండ్రి, ఆ వాసన.”

మా గోడ మీది పటంలో ఆ రెండూ లేవు. సుమలత పెన్ను తీసి అంచు మీద మూడు మాటలు రాసింది: పేలాలు, కాలిన పీచు, వస.

విక్రమ్ లేచి యాదమ్మ ముందుకు వచ్చాడు. “అవ్వా, మక్కలు మీవే తీసుకుంటం. పదకొండు ఇండ్లయి.”

“మరి నిన్న కోళ్లకు పొయ్యమన్నట్టె చూస్తివి గద బిడ్డా?”

“నిన్న గ్లాసు కడగలే అవ్వా.”

ఆమె నవ్వుతూ వసారాలోకి వెళ్లి ఫోను తీసింది. అవతల ఎవరో అందుకునేసరికి ఆమె గొంతు గది దాకా వినిపించింది.

“ఏ లచ్చిమీ, అందరికి చెప్పు. దూలం మీది కంకులు దించుండ్రి. మెల్లగ దించుండ్రి, గింజ రాలనియ్యకుండ్రి.”