నాలుగు వేళ్ళ ఖాళీ

ఈ రోజు మధ్యాహ్నం మా అమ్మాయితో కలిసి పనిచేసిన స్వప్న కూకట్‌పల్లిలో మా ఇంటికి వచ్చింది. అమ్మాయి పోయి పది నెలలైంది. నెట్‌వర్కులో వచ్చే పోయే ప్యాకెట్లను, అంటే సమాచారపు ముక్కలను, కంప్యూటరు ఎలా పట్టుకోవాలో చెప్పే కోడు తను రాసేదట. దాన్ని ఇప్పుడు స్వప్న వాళ్ళు తిరగరాస్తున్నారట.

“ఆంటీ, కోడు పక్కన తను తెలుగుల రాసింది. ‘పైన నాలుగు వేళ్ళు ఖాళీ వదలండి, అమ్మ మాట’ అని. గదేంది?”

“ఆవకాయ జాడీ సంగతమ్మా. నిండా కూరితే పైకి తేలే నూనెకి చోటుండదు.”

స్వప్న నవ్వబోయి ఆగింది. “ప్యాకెట్‌కి గూడ గంతే ఆంటీ. పోయేటప్పుడు దాని ముందల అడ్రసులు చేరుస్తం. ఖాళీ దండగని తీసేసినం. చోటు చాలక ప్రతిదాన్ని ఇంకో పెద్ద డబ్బాలకు మార్చుడే అయింది, అంతా నెమ్మదైపోయింది. మళ్ల పెట్టినం. తన మాట గూడ అట్లనే ఉంచుతం.”

స్వప్న వెళ్ళాక కిటికీ దగ్గర కూర్చున్నాను. దూరంగా వాళ్ళ ఆఫీసులుండే అద్దాల మేడల మీద ఎండ వాలుతోంది. వాటి మధ్య గాలిలో కనపడని జాడీలేవో తేలిపోతున్నట్టు, ఒక్కోదానిలో నాలుగు వేళ్ళ చోటు ఉన్నట్టు అనిపించింది.

మీ పిల్లలు మీ మాట ఏది ఎక్కడ దాచుకున్నారో ఎప్పుడైనా అడిగారా? నేను అడగలేదు.